మెతుకు సీమలో మందిరము

ధ్యానభాగములు: యోహాను 6:1–27, 1 పేతురు 2:4–10



గలిలయ సముద్రపు అద్దరిని మన ప్రభువు అయిదు రొట్టెలు, రెండు చేపలు పట్టుకొని 5,000 మంది పురుషులకు కడుపునిండ పెట్టెను. మరునాడు ఆ జనమే పడవలెక్కి ఆయనను వెదకుచు కపెర్నహూమునకు వచ్చిరి. వారెందుకు వచ్చిరో ఆయనకు తెలియును. కడుపు నిండిన రుచి మరువలేక వచ్చితిరని ఆయన వారి ముఖముననే చెప్పెను. అయినను ఒక సంగతి గమనింపుడి. ముందు దినమున రొట్టె పెట్టక మునుపు, భక్తికొరకు వచ్చినవారు ఎవరు, ఆకలితో వచ్చినవారు ఎవరు అని ఆయన వారిని వేరుచేయలేదు. అందరిని పచ్చికమీద కూర్చుండబెట్టెను.

ఈ వాక్యభాగము మాకు క్రొత్తది కాదు. సెమినరీలో చదివితిమి, ఎన్నో మారులు ప్రసంగించితిమి. కాని ఈ మధ్య శ్రీరాంపూర్‌లో మా సంఘపు యౌవనస్థుడొకడు మా గుమ్మములో నిలిచి అడిగిన ప్రశ్నతో అది మాకు మరల తెరువబడెను.

అతడు రెండవ షిఫ్టు ముగించుకొని రాత్రి పొద్దుపోయిన తరువాత వచ్చెను. చేతిలో టిఫిను డబ్బా, చెవుల వెనుక ఇంకను బొగ్గు మసి. బొగ్గు లోడింగు దగ్గర కాంట్రాక్టు పని చేయువాడు. ఆ సాయంత్రము టీ త్రాగుచుండగా తోడి పనివాడొకడు నవ్వులాటగా ఒక మాట అనెనట. కరువు కాలమున గిన్నెడు బియ్యమునకు మతము అమ్ముకొన్న తాతల మనుమడవు నీవు, మెదకులోని ఆ పెద్ద గుడి ఆ బియ్యముతో కట్టినదే అని. అందరు నవ్విరట. ఇతడును నవ్వెనట. ఇంటికి పోవు త్రోవలో కాళ్లు మా యింటివైపు తిరిగెను. అయ్యగారూ, ఇది నిజమేనా అని అడిగెను.

మా యొద్ద సిద్ధముగానున్న జవాబు లేకపోయెను. తిని పడుకొమ్మని పంపితిమి గాని మాకు నిద్ర పట్టలేదు. అబద్ధమని చెప్పుట సులభము, అయితే పూర్తిగా అబద్ధమా? అందుచేత సంఘములోని నాలుగు కుటుంబములవారితో కలసి మెదకునకు పోవుటకు నిర్ణయించితిమి. ఒక తూఫాను బండి మాట్లాడుకొని, తెల్లవారక ముందే బయలుదేరి గోదావరి వంతెన దాటితిమి. గోదావరిఖని, పెద్దపల్లి, కరీంనగరు, సిద్దిపేట, రామాయంపేట మీదుగా ప్రయాణము. బండిలో ఆ యౌవనస్థుడును, బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా ముప్పది యేండ్లకు పైగా పనిచేసి రిటైరైన మా సంఘపు పెద్దయు ప్రక్కప్రక్కనే కూర్చుండిరి. ఆ పెద్దను మేమందరము బాపు అని పిలుతుము.

త్రోవలో పిల్లలకు మేము చెప్పిన పాస్నెట్ గారి చరిత్రను, మందిరములో చూచిన దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

గుఱ్ఱముమీద వచ్చిన పాదిరి

చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఇంగ్లాండు దేశస్థులు, వెస్లియను మెథడిస్టు మిషను పంపిన పాదిరి. 1895వ సంవత్సరమున ఆయన సికింద్రాబాదునకు వచ్చెను. ఆయనకు పదునైదేండ్లకు పూర్వమే విలియం బర్జెస్ గారు మొదలైనవారు అచ్చట ఆ మిషను పని ప్రారంభించియుండిరి. పాస్నెట్ గారికి మొదట అప్పగింపబడినది తిరుమలగిరి దండులోని తెల్ల సిపాయిల మధ్య పరిచర్య. ఆ పనిలో ఇంగ్లీషు చాలును, తెలుగు నేర్చుకొనకయే దినములు గడుపవచ్చును. బంగళా, జీతము, తనవారి సాంగత్యము అన్నియు సిద్ధముగా నుండెను.

అయితే ఆయన చూపు గ్రామములవైపు పోయెను. 1896లో గుఱ్ఱమెక్కి రెండు దినములు ప్రయాణము చేసి మెదకునకు చేరెను. అది నిజాం రాజ్యము. మహబూబ్ అలీ ఖాన్ గారి పాలన. మెదకులో ఆనాడు చెప్పదగినంత క్రైస్తవ సంఘమేమియు లేదు. పెంకుటిల్లు వంటి ఒక చిన్న గది ప్రార్థనకు వాడబడుచుండెను.

మెదకు పేరునకే ఒక అర్థమున్నది. వండిన అన్నపు మెతుకునుండి ఆ పేరు పుట్టెనని ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. నేటికిని ఆ జిల్లాను మెతుకు సీమ అని పిలుచుకొందురు. ఈ మాట చెప్పగానే బండిలోని మన యౌవనస్థుడు మావైపు చూచెను. అతని నవ్వులపాలు చేసిన మాట ఆ మెతుకే గదా.

అన్నమునకు పేరైన ఆ సీమలో అన్నము పండించువారు వేరు, తినువారు వేరు. పొలము దున్ని, నాట్లువేసి, కోతకోసిన మాల మాదిగ కుటుంబములకు కళ్లములో చివర ఊడ్చిన గింజలు మిగులుచుండెను. వారి పల్లె ఊరికి వెలుపల, వారి నీటి కుంట వేరు. దొర గడీ ముందు చెప్పులు తొడిగి నడువరాదు. గుడి మెట్టు ఎక్కరాదు. బడి అనునది వారి కలలోనైనను లేదు. కూలి లేని వెట్టి మాత్రము తప్పక చేయవలెను. పాస్నెట్ గారు ఎక్కువగా పనిచేసినది ఈ పల్లెలలోనే.

ఆయన ఒంటరిగా పనిచేయలేదు. ఆయన సహోదరి ఎమిలీ పాస్నెట్ గారును మెదకునకు వచ్చి స్త్రీలకును పిల్లలకును వైద్యసేవ చేసిరి. అంతకంటె ముఖ్యముగా, పల్లెలనుండి వచ్చిన స్త్రీపురుషులనే సువార్తికులుగాను, ఉపాధ్యాయులుగాను తరిఫీదు చేయుటకు మెదకు కేంద్రమాయెను. భర్త చదువు నేర్చుకొనుచుండగా భార్యయు నేర్చుకొనెను. ఒక తరము వెనుక అక్షరము ముట్టని ఇండ్లలో తల్లులు సువార్త పుస్తకము చదివి వినిపించిరి. వారి పేర్లు పెద్ద పుస్తకములలో లేవు. మెదకు పనిని గ్రామగ్రామమునకు మోసినవారు వారే. అదే మిషనులో పనిచేసిన ఇసబెల్ కెర్ దొరసానిగారు 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి స్థాపించిరి. దానికి నిజామాబాదు నరసాగౌడ్ గారు, హిందువులు, ఉదారముగా ధనసహాయము చేసిరి. ఆ కాలమున జరిగిన మంచి అంతయు ఒక్క దొర చేసెనని ఎవరును తలంపరాదు.

మందిరమును కట్టుట

సంఘము పెరిగెను, పెంకుల గది చాలలేదు. పాస్నెట్ గారికి ఒక నియమము ఉండెనని చెప్పుదురు. ప్రభువునకు ఇచ్చునది మన చేతనున్న వాటిలో శ్రేష్ఠమైనదిగా నుండవలెనని. 1914లో ఆయన గొప్ప మందిరపు పని ప్రారంభించెను. ఇంగ్లాండులోని బోల్టన్ పట్టణమునకు చెందిన బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్ అను కట్టడపు నిపుణుల సంస్థ నమూనా సిద్ధపరచెను. నమూనా గోతికు పద్ధతిది.

గోతికు అననేమి? 12వ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో, పారిసు చెంతనున్న సెయింట్ డెనిస్ మఠములో ఆ పద్ధతి రూపుగట్టెను. గుండ్రని కమానుకు బదులు కొనదేరిన కమాను కట్టుదురు. దానివలన కప్పు బరువు గోడలపై పరచుకొనక నిలువుగా స్తంభములకు దిగును. గోడలు పలుచన చేయవచ్చును, పెద్ద కిటికీలు పెట్టవచ్చును, కట్టడము ఆకాశమునకు లేవవచ్చును. జర్మనీ దేశమున ఈ పద్ధతికి గొప్ప ఆలయములు కలవు. కొలోను పట్టణపు పెద్ద ఆలయమునకు 1248లో పునాది వేసిరి. 16వ శతాబ్దమున పని నిలిచిపోయి, 1842లో మరల మొదలై, 1880లో ముగిసెను. పునాది నాటినుండి 632 యేండ్లు. ఉల్మ్ పట్టణములో 1377లో మొదలిడిన ఆలయము 1890లో పూర్తియాయెను. దాని శిఖరము 161 మీటర్లకు పైబడినది. ఆ ఆలయమును రాజు కట్టలేదు, బిషపు కట్టలేదు. ఊరివారు, చేతిపనివారు, వర్తకులు తమ సొమ్ముతో కట్టుకొనిరి. తరువాత ఆ ఊరు లూథరు గారి సంస్కరణలో చేరగా అది ప్రొటెస్టెంటు మందిరమాయెను. పునాది త్రవ్వినవారి కన్ను శిఖరమును చూడలేదు, వారి పిల్లల కన్నులును చూడలేదు.

19వ శతాబ్దమున ఇంగ్లాండులో ఆ పాత పద్ధతి మరల వాడుకలోనికి వచ్చెను. పాస్నెట్ గారు చిన్నప్పటినుండి ఎరిగిన మందిరములు అనేకము ఆ రూపములోనివే. దేవుని మందిరము అనగానే ఆయన కన్నులకు అదే కట్టెను.

మెదకు మందిరపు పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంట గోపురము 175 అడుగులు. లోపల 5,000 మంది చేరవచ్చునని చెప్పుదురు. నేలకు పరచిన రంగుల పలకలు బ్రిటను దేశమునుండి వచ్చెను, వాటిని పరచుటకు ఇటలీ దేశపు పనివారు వచ్చి మన పనివారితో కలసి పనిచేసిరి. ప్రతిధ్వని కలుగకుండ కప్పునకు లోపలివైపు మెత్తని గుల్ల పదార్థమును అమర్చిరి. పదేండ్లు పని నడిచి, 1924 డిసెంబరు 25న, క్రిస్మసు దినమున మందిరము ప్రతిష్ఠింపబడెను.

ఆ పదేండ్లు ఎట్టివో తలంచుకొనుడి. 1914లోనే ఐరోపాలో మహాయుద్ధము మొదలాయెను. ధరలు మండెను. వానలు తప్పి కరువు వచ్చెను. 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము దేశమంతట లక్షలమందిని తీసికొనిపోయెను. పల్లెలలో పనిలేదు, గింజ లేదు. ఆ దినములలో పాస్నెట్ గారు మందిరపు పనిని ఆపక, ఆకలిగొన్నవారిని పనికి పిలిచెను. రాయి మోసినవారికి, సున్నము కలిపినవారికి తిండి దొరకెను. మెదకు సీమలో ఇంటింట చెప్పుకొను సంగతి ఇది. మన యౌవనస్థుని నవ్వులపాలు చేసిన మాటకు మూలమును ఇదే.

స్తంభముల నడుమ

పదకొండు గంటల వేళ మందిరపు ఆవరణము చేరితిమి. దూరమునుండియే గోపురము కనబడెను. పిల్లలు కేకలు వేసిరి. లోపల అడుగుపెట్టగానే వారి గొంతులు వాటంతట అవే తగ్గిపోయెను.

బలిపీఠము వెనుకనున్న రంగుటద్దముల కిటికీలో ప్రభువు ఆరోహణము కనబడును. అది 1927లో అమర్చినది. ఒక ప్రక్కన 1947 నాటి జననపు కిటికీ, మరియొక ప్రక్కన 1958 నాటి సిలువ కిటికీ. వీటికి చిత్రములు వ్రాసినవారు లండను చిత్రకారులు ఫ్రాంక్ సాలిస్‌బరీ గారు. వెలుపలనుండి చూచిన అవి నల్లని పలకలు. లోపల నిలిచి, వెలుపల ఎండ కాయుచున్నప్పుడే ఆ చిత్రములు పలుకును. చదువురాని తల్లి ఆ కిటికీల ముందు నిలిచి పసులతొట్టినుండి పరలోకము వరకు ప్రభువు కథను కన్నులతో చదువుకొనవచ్చును.

మేము కిటికీలు చూచుచుండగా బాపు మాత్రము కిటికీలను చూడలేదు. ఆయన బూడిదరంగు రాతి స్తంభముల యొద్ద నిలిచి, అరచేయి దానిమీద పెట్టి, తల పైకెత్తి చాలసేపు కప్పును చూచెను. భూమిలోపల పనిచేసినవారికి అది అలవాటు. బాయిలో బొగ్గు తీయునప్పుడు నడుమ నడుమ బొగ్గునే స్తంభములుగా విడిచిపెట్టుదురు. కప్పు వాటిమీద నిలుచును. క్రింద పనిచేయువాడు కడ్డీతో కప్పును తట్టి, శబ్దమును బట్టి అది గట్టిగా నున్నదో వదులైనదో తెలిసికొనును. బాపు తన బ్రతుకులో సగము కప్పు మాట వినుటకే ఖర్చు చేసెను.

ఆయన స్తంభము చుట్టు తిరిగి వెనుకవైపునకు పోయి, రాళ్ల అతుకులను వ్రేలితో తడవి చూచెను. ఆ తరువాత యౌవనస్థుని పిలిచి తన మాటలలో చెప్పినది ఇది. ఆకలితో పనిచేయువాడు కూలి చేతబడుటకు ఎంత అవసరమో అంతే చేయును, ఎవరికిని కనబడని వెనుకవైపు వదలిపెట్టును. ఇచ్చట వెనుకవైపు కూడ ముందువలెనే చెక్కియున్నది, నూరేండ్లైనను అతుకు విడలేదు. దీనిని చేసినవారు గిన్నెడు బియ్యమునకు మాత్రమే చేసినవారు కారు. అంతటితో ఆగక బాపు మరియొక మాట చెప్పెను. నేనును అన్నము కొరకే బాయిలో దిగితిని, నీవును అన్నము కొరకే షిఫ్టునకు పోవుచున్నావు, నిన్ను నవ్వినవాడును అందుకొరకే పోవుచున్నాడు, పని చేసి తిన్న అన్నమునకు సిగ్గెందుకు అని.

యౌవనస్థుడు కొంతసేపు ఊరకుండెను. పిమ్మట అడిగెను: తాతా, కూలి సంగతి సరే, బాప్తిస్మము సంగతి ఏమి?

బాపు మావైపు చూచెను. అది మేము జవాబు చెప్పవలసిన ప్రశ్న.

మేము చెప్పిన జవాబు

ఆవరణములో చెట్టు నీడన కూర్చుండి, తెచ్చుకొన్న పులిహోర తినుచు మేము ఉన్నదున్నట్టు చెప్పితిమి. ఆ కరువులో మిషను యొద్దకు వచ్చినవారిలో కొందరు మెతుకు కొరకే వచ్చియుందురు. దానిని మేము దాచము. కపెర్నహూమునకు పడవలెక్కి వచ్చినవారును అట్టివారే, ప్రభువు వారిని తరిమివేయలేదు. కొందరు మెతుకు దొరకిన పిమ్మట తమ దారిని పోయియుందురు. ఆ అధ్యాయపు చివరను కూడ అనేకులు వెనుకకు తీసిరి.

అయితే ఉండిపోయినవారు ఎందుకు ఉండిరి? కరువు తీరెను, కూలి పని ముగిసెను. అప్పటికిని వారు పోలేదు. ఆ సీమలో కంటికి కనబడు కట్టడములలో అన్నిటికంటె ఎత్తైన దానిలోనికి, అంతకు మునుపు ఏ గుడి మెట్టునైనను ఎక్కనియ్యని మనుష్యులు పెద్ద వాకిలినుండి నడిచిపోయిరి. తాము మోసిన రాళ్ల క్రింద తామే కూర్చుండిరి. పేతురు గారు తన మొదటి పత్రికలో సజీవమైన రాళ్లను గూర్చి, ఒకప్పుడు ప్రజలుగా ఎంచబడనివారు దేవుని ప్రజలగుటను గూర్చి వ్రాసినది వారికి వ్యాఖ్యానము లేకయే అర్థమై యుండును. ఉల్మ్ పట్టణపువారు తమ ఊరి గౌరవము కొరకు ఆలయము కట్టుకొనిరి. మెదకులో ఊరే లేనివారికి ఒక ఊరు కట్టబడెను.

పాస్నెట్ గారిని దేవదూతగా చేయుట మా ఉద్దేశము కాదు. ఆయన కట్టిన రూపము ఆయన దేశపు రూపము. మన బొగ్గు సీమకే చెందిన డోర్నకల్‌లో బిషపు అజరయ్య గారు మరియొక త్రోవ పట్టిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయములో గుమ్మటములు, మినారులు, మన ఆలయ మండపములను పోలిన స్తంభములు కలవు. సువార్త మన దేశపు బట్ట కట్టుకొనవలెనని ఆయన తలంపు. ఆ తలంపు మాకును ఇష్టమే. మెదకులో అట్లు జరిగియుండిన ఎంత బాగుండెడిదో అని కొన్నిసార్లు అనుకొందుము. అయితే ఒకటి ఒప్పుకొనవలెను. పేదవారికి తక్కువది చాలునని పాస్నెట్ గారు అనుకొనలేదు. తన దేశపు పట్టణములలో గొప్పవారు దేనిలో ఆరాధించిరో అట్టిదానినే మెదకు పల్లె కూలివానికి కట్టించెను. మంచి మనసుతో దానము చేయు మనమే, బీదల కొరకు అనగానే రెండవ రకమునకు చేయి చాపుట లేదా?

ఇప్పుడు మరియొక లెక్క చూడుడి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కులు హిందువులకు మాత్రమే పరిమితమాయెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. మాల మాదిగలలోనుండి క్రైస్తవులైనవారు మన రాష్ట్రములో వెనుకబడిన తరగతులలో సి గుంపుగా లెక్కింపబడుదురు. చదువులోను ఉద్యోగములోను దానివలన కలుగు నష్టము మన ఇండ్లకు తెలిసినదే. మెతుకు కొరకే వచ్చినవారైతే, మెతుకు పోవునాడు నిలుతురా? తాతలు బియ్యమునకు అమ్ముడుపోయిరని నవ్వువాడు, మనుమలు దేనిని పోగొట్టుకొని నిలిచిరో ఒకసారి లెక్క చూడవలెను.

ఈ మాట మేము గర్వముతో చెప్పబోతిమి. అప్పుడు ఆ యౌవనస్థుడు తల వంచుకొని, తన సర్టిఫికెటులో ఏమి వ్రాసియున్నదో మాకు తెలియదా అని మెల్లగా అడిగెను.

మాకు తెలియును. అతని తండ్రి బడిలో చేర్చునాడు ఏమి వ్రాయించెనో తెలియును. అది అతని ఒక్కనిది కాదు, మా సంఘములో అనేక ఇండ్లది. ఆదివారము ఒక పేరు, ఆఫీసు కాగితములో మరియొక పేరు. దానిని గూర్చి మేము ప్రసంగపీఠమునుండి ఒక్క మాటయైనను ఇంతవరకు పలుకలేదు. పలికితే ఎవరి పిల్లవాని సీటు పోవునో, ఎవరి జీతము పోవునో అను భయము. నేరము అతనిది అని చెప్పుటకు మాకు నోరు రాలేదు. బీదవానిని ఆకలికిని విశ్వాసమునకును నడుమ నిలువబెట్టి కోరుకొమ్మను కట్టడ న్యాయమైనదని కూడ మేము చెప్పలేము. ఆనాడు కరువు అతని ముత్తాతను నిలువబెట్టిన చోటనే నేడు ఒక కాగితము ఇతనిని నిలువబెట్టినది. అందుచేతనే తోడి పనివాని నవ్వు ఇతనికి అంత లోతుగా గ్రుచ్చుకొనెను.

గోపురము క్రింద

పాస్నెట్ గారు నాలుగు దశాబ్దములకు పైగా ఈ సీమలో పనిచేసి, వృద్ధాప్యములో స్వదేశమునకు మరలిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆయన కట్టించిన మందిరము మెదకు అధ్యక్ష మండలమునకు ప్రధాన ఆలయమాయెను. ఫ్రాంక్ విటేకర్ గారు మొదటి బిషపు. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసెను. నిజాము ఏలుబడి పోయెను, దొరల గడీలు కూలెను, మిషను దొరలును వెళ్లిపోయిరి. మందిరము మిగిలెను. 2024 డిసెంబరు 25న దానికి నూరేండ్లు నిండెను. క్రిస్మసుకును గుడ్ ఫ్రైడేకును అచ్చటికి వచ్చు జనములో క్రైస్తవులు మాత్రమే ఉండరు. మ్రొక్కు చెల్లించుకొనుటకు అన్ని మతములవారును వత్తురు.

మేము వెళ్లిన దినమున కూడ ఒక హిందూ కుటుంబము పసిబిడ్డను ఎత్తుకొని మెట్లమీద కూర్చుండియుండెను. వారి నీళ్ల సీసా ఖాళీ అయియుండగా మన యౌవనస్థుడు తన సీసా వారికిచ్చి, మిగిలిన పులిహోర పొట్లము కూడ పెట్టెను. వారు ఎవరని అడుగలేదు. ఎందుకు వచ్చితిరని అడుగలేదు. అతడు దీనిని తలంచి చేసినట్టు లేదు. మేము మాత్రము గలిలయ పచ్చికను తలంచుకొంటిమి.

తిరుగు ప్రయాణములో అతడు మాతో ఒక సంగతి చెప్పెను. నవ్వినవానికి తాను చెప్పదలచినది ఇదట. అవును, మా ముత్తాత ఆకలితో పోయెను. ఆకలితో పోయినవానికి అన్నము పెట్టి, పని ఇచ్చి, అక్షరము నేర్పి, పెద్ద వాకిలినుండి లోపలికి రమ్మన్నవారి యొద్ద ఆయన ఉండిపోయెను. నీవైతే ఏమి చేసెడివాడవు? అని. ఇంతకంటె మంచి జవాబు మా సెమినరీ చదువులో మాకు దొరకలేదు. సర్టిఫికెటు సంగతి అతడు మరల ఎత్తలేదు. మేమును ఎత్తలేదు. అయితే మా సంఘములో ఆ సంగతిని దాచక మాటలాడుకొనుటకు ఒక సాయంత్రము కూడుకొనవలెనని, ఆ కూటమును పెద్దలతో కాక యౌవనస్థులతో ప్రారంభింపవలెనని ఆ బండిలోనే నిర్ణయించుకొంటిమి. భయపడువాని మాట మొదట వినబడవలెను, తీర్పు తరువాత.

ప్రియులారా, మీ కుటుంబ ప్రార్థనలో ఈ నెల యోహాను 6వ అధ్యాయము చదువుకొనుడి. మీ యింటికి సువార్త ఏ దారిని వచ్చెనో మీ పిల్లలకు చెప్పుడి. బియ్యపు దారిని వచ్చెనా, ఆసుపత్రి దారిని వచ్చెనా, బడి దారిని వచ్చెనా, దానిని దాచక చెప్పుడి. ఆకలిని చెప్పుకొనుటలో అవమానము లేదు. ఆకలిగొన్నవారిని నేడు మనము ఎట్లు చూచుచున్నామో దానిలోనే మన మానము గాని అవమానము గాని ఉన్నది. పిమ్మట 1 పేతురు 2వ అధ్యాయము చదివి, మీరు ఏ గోడలో రాయిగా పెట్టబడితిరో, మీమీద ఎవరి బరువు నిలిచియున్నదో ఆలోచించుకొనుడి.

ప్రార్థన: ఆకలిగొన్నవారిని పచ్చికమీద కూర్చుండబెట్టిన ప్రభువా, మా పితరులు ఏ కారణముతో నీ యొద్దకు వచ్చినను వారిని త్రోసివేయక ఉంచుకొన్నందుకు నీకు స్తోత్రము. పేర్లు వ్రాయబడక రాళ్లు మోసినవారిని నీవు ఎరుగుదువు. మా బిడ్డలను సిగ్గునుండియు, మమ్మును మౌనమునుండియు విడిపింపుము. భూమిలోపల ఈ రాత్రి షిఫ్టులో పనిచేయు మా అన్నదమ్ముల మీదనున్న కప్పును నీవే నిలుపుము. ఆమేన్.